పెరంబూరు ఇంట్లో ప్లీడరు గారి పటం: ఎవరు వేశారు, ఎప్పటిది?

పెరంబూరువాడు

అందరికీ నమస్కారం. మద్రాసు పెరంబూరులో మా పాత ఇల్లు బిల్డరుకి ఇచ్చేశాం. సామాను సర్దుతూ హాల్లో వాకిలి పైన ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న మా ముత్తాత గారి పటాన్ని కిందికి దించాం. ఆయిల్ పెయింటింగ్. సుమారు నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. ఫ్రేము టేకుది కావడంతో ఇద్దరం పట్టుకుంటే గానీ దిగలేదు.

ఆయన నెల్లూరులో ప్లీడరు. మా ఇంట్లో చెప్పుకునేది మాత్రం మూడు ముక్కలు: ఆఖర్న హైకోర్టు జడ్జీ అయ్యారు, రావు బహద్దూర్ బిరుదుంది, పటం రవివర్మ వేసింది. కాగితం ముక్క ఆధారం లేదు.

పటంలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నల్ల గౌను, జరీ అంచు తలపాగా, కాళ్ళకు నిగనిగలాడే బూట్లు. కుడి చేతిలో చుట్టిన కాగితం. ఎడమ పక్క గుండ్రటి బల్ల, దాని మీద లావుపాటి పుస్తకాలు. ఛాతీ మీద రిబ్బనుకి వేలాడే పతకం. నల్లటి మీసం, మనిషికి ముప్పై దాటి ఉంటాయంతే. సంతకం ఎక్కడా కనబడలేదు. వార్నిష్ బాగా పసుపెక్కింది, కింద ఎడమ మూల బూజు పట్టింది.

న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు పటం తనకి పంపించమంటున్నాడు. పంపే ముందు అసలు సంగతేంటో తెలుసుకోవాలని ఇక్కడ పెడుతున్నాను. ఫొటోలు కింద ఇచ్చాను.

సౌకార్‌పేట సేటు

రవివర్మే! ఆ తలపాగా మడతలు చూడండి. కోట్లు పలుకుతుంది గురువుగారూ, బిల్డరు ఇచ్చే ఫ్లాటు కన్నా పటమే ఖరీదు.

రంగులడబ్బా

సేటు గారూ, దక్షిణాదిలో పాత ఇంట్లో పటం బయటపడిన ప్రతిసారీ రవివర్మే వేసి ఉంటే ఆయనకి అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. కాస్త ఆగండి.

పెరంబూరు గారూ, ముందు జాగ్రత్తల సంగతి. తడిగుడ్డతో తుడవకండి. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందనీ, బంగాళాదుంప ముక్కతో రుద్దితే మురికి పోతుందనీ చెప్పేవాళ్ళుంటారు, వినకండి. బబుల్ కవరు నేరుగా రంగు మీద చుట్టకండి, మద్రాసు ఉక్కకి ఆ బుడగల అచ్చులు వార్నిష్ మీద పడిపోతాయి. గోడకి ఆనించి, నేలకి తగలకుండా రెండు చెక్కముక్కల మీద నిలబెట్టండి. బూజు ఉన్న మూల గాలి ఆడనివ్వండి, ఎండలో మాత్రం పెట్టొద్దు.

తర్వాత వెనక్కి తిప్పి ఫొటోలు తీయండి. ఎదురు వైపు అందరూ చూస్తారు, అసలు విషయం వెనకే ఉంటుంది. కాన్వాసు మీద ముద్రలు, చెక్క మూలల్లో మేకులు, పెన్సిల్ రాతలు, అంటించిన చీటీలు, ఏవి కనబడినా పెట్టండి.

కోర్టుపక్షి

జడ్జీ సంగతి నేను చెప్తాను, ముప్పై ఏళ్ళుగా హైకోర్టు పక్కన పారిస్ కార్నర్‌లోనే పడి ఉన్నవాణ్ణి. మద్రాసు హైకోర్టు 1862లో మొదలైంది. మొదటి భారతీయ జడ్జీ ముత్తుస్వామి అయ్యర్. అప్పటి నుంచి జడ్జీల జాబితా పూర్తిగా ఉంది, చూసుకోవచ్చు. మీ ఇంటిపేరు ఇక్కడ పెట్టక్కర్లేదు, మీరే పోల్చుకోండి. మాటవరసకి చెప్తున్నా, హైకోర్టులో ముత్తుస్వామి అయ్యర్ పాలరాతి విగ్రహానికి కాళ్ళకి చెప్పులు కూడా లేవు. మీ ముత్తాత గారి బూట్లు మాత్రం ఘనంగా ఉన్నాయి.

ఇంతకీ ఆయన ఏ తరగతి ప్లీడరు? ఆ రోజుల్లో అందరూ ఒకటి కాదు. ఇంగ్లండు వెళ్ళొచ్చిన బారిస్టర్లు ఒక మెట్టు, యూనివర్సిటీ బి.ఎల్. పట్టా ఉన్న హైకోర్టు వకీళ్ళు ఇంకో మెట్టు, జిల్లాల్లో పరీక్ష రాసి సన్నదు, అంటే లైసెన్సు, తెచ్చుకున్న ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్ ప్లీడర్లు ఆ కింద. సెకండ్ గ్రేడ్ వాళ్ళకి హైకోర్టులో వాదించే హక్కు లేదు. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా చేతినిండా సంపాదిస్తూ కూడా ఇంగ్లండు వెళ్ళింది ఆ గోడ దాటడానికే. 1907లో బారిస్టరుగా మద్రాసులో దిగారు. బారిస్టరు, వకీలు తేడా పోవడానికి 1926 బార్ కౌన్సిళ్ళ చట్టం రావాల్సి వచ్చింది. దేశమంతా ఒకే రకం అడ్వొకేట్లు అన్నది 1961 చట్టం తర్వాతే.

పెరంబూరువాడు

జాబితా చూశాను. మా వాళ్ళెవరూ లేరు. మా పెద్దమ్మకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఇనప్పెట్టెలో ఒక సన్నదు దొరికింది. చెదలు కొంత తినేశాయి గానీ 'సెకండ్ గ్రేడ్' అన్న అచ్చు స్పష్టంగా ఉంది. సంవత్సరంలో 18 తర్వాత అంకెలు పోయాయి.

వెనక ఫొటోలు కూడా పెట్టాను. కాన్వాసు మీద నల్ల ముద్ర ఉంది: విన్సర్ అండ్ న్యూటన్ లిమిటెడ్, రాత్‌బోన్ ప్లేస్, లండన్. చెక్క మూలల్లో చిన్న చిన్న చెక్క చీలలు దిగేసి ఉన్నాయి, ఒకటి వదులైంది. సుత్తితో దిగ్గొట్టనా?

రంగులడబ్బా

వద్దు! దిగ్గొడితే కాన్వాసు బిగుసుకుని పాత రంగు చిట్లుతుంది. ఊడితే ఆ ముక్కని కవర్లో వేసి, ఏ మూలదో రాసి దాచండి.

ముద్రలో 'లిమిటెడ్' ఉంది కాబట్టి కాన్వాసు 1882కి ముందుది కాదు. ఆ కంపెనీ లిమిటెడ్ అయింది ఆ ఏడే. సరుకు లండన్‌ది అయినంత మాత్రాన పటం లండన్‌లో వేసినట్టు కాదు, మద్రాసులో ఈ కాన్వాసులు మామూలుగా దొరికేవి.

ఇంకో పని చేయండి. రాత్రి లైట్లు ఆర్పేసి, టార్చి పటానికి పక్కగా పెట్టి వెలుగు ఏటవాలుగా పడేట్టు చూడండి. ముఖం దగ్గర, చేతుల దగ్గర, బల్ల దగ్గర రంగు ఎలా ఉందో చెప్పండి. భూతద్దం ఉంటే మంచిది.

ఎగ్మూర్ ఎలుక

ఆ పతకం ఫొటో పెద్దది చేసి చూశాను. అది బిరుదులతో పాటు ఇచ్చే బ్యాడ్జి. రావు సాహెబ్, రావు బహద్దూర్, దివాన్ బహద్దూర్ బిరుదులు అంతకుముందు నుంచే ఉన్నాయి కానీ, మెడకో ఛాతీకో తగిలించుకునే ఈ బ్యాడ్జి మొదలైంది 1911లో, అయిదో జార్జి హయాంలో. అంటే పటం 1911 తర్వాతది. రవివర్మ 1906 అక్టోబరులో పోయారు. సేటు గారు ఫ్లాటే తీసుకోవాలి.

రిబ్బను రంగేంటి? పసుపు వార్నిష్ వల్ల ఫొటోలో తెలియడం లేదు. ఎరుపు మీద ముదురెరుపు అంచులైతే రావు బహద్దూర్. ముదురు నీలం మీద లేత నీలం అంచులైతే రావు సాహెబ్, అంటే ఒక మెట్టు కింద.

పెరంబూరువాడు

నీలం. మా పెద్దమ్మకి రెండో దెబ్బ.

సౌకార్‌పేట సేటు

రవివర్మ తమ్ముడు కూడా వేసేవాడటగా?

ఎగ్మూర్ ఎలుక

ఆయన 1905లోనే పోయారు సేటు గారూ. ఆశ చావదేం మీకు?

నెల్లూరు నీలవేణి

మా నెల్లూరు వాళ్ళ గురించి అంత తక్కువగా మాట్లాడకండి. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు మా జిల్లా పుదూరులో పుట్టినవారే, మద్రాసుకి అడ్వొకేట్ జనరల్ అయ్యారు. సెకండ్ గ్రేడ్ ప్లీడరంటే చిన్న చూపక్కర్లేదు. జిల్లాలో పని జరిగేది మునసబు కోర్టుల్లోనే. ఇనాం భూముల తగాదాలు, కాలువ నీళ్ళ గొడవలు, ప్రామిసరీ నోట్లు, దాయాదుల పంపకాలు. 1908లో ఎస్టేట్స్ లాండ్ చట్టం వచ్చాక జమీందారుకీ రైతుకీ మధ్య శిస్తు తగాదాలు ఊరూరా. తెలుగులో రైతు చెప్పింది విని ఇంగ్లీషులో ప్లెయింటు రాసిపెట్టగల మనిషి ఎంత అవసరమో ఆలోచించండి. ఫీజు కింద ధాన్యం బస్తాలు, నెయ్యి డబ్బాలు కూడా వచ్చేవని మా తాతయ్య చెప్పేవారు.

ఇంకో సంగతి. 1899కి ముందు నెల్లూరు నుంచి మద్రాసుకి నేరుగా రైలు లేదు. పరీక్షకో పని మీదో వెళ్ళాలంటే బకింగ్‌హామ్ కాలవ మీద పడవ. పుస్తకాల మూట, చద్దన్నం పట్టుకుని వెళ్ళేవాళ్ళు. సన్నదు 18తో మొదలైందంటే మీ ముత్తాత గారు ఆ పడవలో వెళ్ళి పరీక్ష రాసిన బాపతే అయి ఉండొచ్చు.

కోర్టుపక్షి

నీలవేణి గారు చెప్పింది నిజం. రావు సాహెబ్ బిరుదు మఫసలు, అంటే జిల్లాల్లోని, ప్లీడర్లకి వాదన చూసి ఇచ్చింది కాదు. మునిసిపాలిటీలోనో తాలూకా బోర్డులోనో ఏళ్ళ తరబడి పని చేస్తే కలెక్టరు సిఫార్సు చేసేవాడు. కాబట్టి ఆయన జీవితంలో సగం కోర్టులో కాక కమిటీల్లో వెతకాలి.

పెరంబూరువాడు

టార్చి వేసి చూశాను. రెండు విషయాలు.

చెంప పక్కన, తలపాగా కింద రంగు పల్చగా ఉన్నచోట సన్నని పెన్సిల్ గీతలు కనబడుతున్నాయి. నిలువుగా, అడ్డంగా, లెక్కల పుస్తకం గడుల్లాగా. మెడ దాకా ఉన్నాయి. గౌను మీద, పతకం మీద, బల్ల మీద లేవు.

రెండోది. ముఖం నున్నగా ఉంది, కుంచె ఆనవాలే లేదు. గౌను, బల్ల దగ్గర రంగు దళసరిగా, గబగబా పూసినట్టుంది. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద లేదు, కొంచెం పైకి లేచి బల్ల అంచు దగ్గర గాల్లో ఉంది. బల్ల మీద ఆనిందా అంటే అదీ కాదు. చిన్నప్పుడు ఆ చెయ్యి చూసి మేం నవ్వుకునేవాళ్ళం.

రంగులడబ్బా

భలే పట్టుకున్నారు. ఫొటో చూసి వేసిన పటం ఇది. ఫొటో మీద గడులు గీసి, కాన్వాసు మీద అవే గడులు పెద్దవిగా గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కిస్తారు. ముఖం వరకు ఫొటో ఉంది కాబట్టి అక్కడే గడులున్నాయి. గౌను, పతకం, పుస్తకాలు ఊహించి వేసినవి. గౌను చూసి హైకోర్టు అనుకోకండి, అది పటానికి తొడిగిన గౌను.

వయసు లెక్క కూడా దీంతో సరిపోతుంది. సన్నదు 1880ల్లోదైతే 1911 నాటికి ఆయనకి తక్కువలో తక్కువ నలభై దాటాలి. పటంలో మనిషికి ముప్పై చిల్లర. పాత ఫొటోలోంచి ముఖం తీసుకుని, కొత్త పతకం తగిలించారు. ఆయన పోయాక కొడుకులు వేయించి ఉంటారని నా అనుమానం. బతికున్న మనిషైతే 'నా తల నెరిసింది కదయ్యా' అనేవాడు.

ఆ గాల్లో చెయ్యి మాత్రం నాకూ అర్థం కావడం లేదు. అసలు ఫొటోలో ఆ చెయ్యి దేని మీదో ఆని ఉండాలి.

మైలాపూర్ మామ్మ

బాబూ, నేను పటాలు చూసే మనిషిని కాను, సంబంధాలు చూసే మనిషిని. మీ తాతగారు ఆయనకి ఎన్నో సంతానం, ఎప్పుడు పుట్టారు? మీ ముత్తాత గారికి ముప్పై దాటాక పుట్టిన మొదటి కొడుకైతే, ఆ కాలంలో అంత ఆలస్యం ఎందుకైందో ఆలోచించు. పదహారేళ్ళకి పెళ్ళిళ్ళయ్యే రోజులవి.

మీ తాతగారు తర్పణాలు వదిలేవారా? పేర్లు ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా?

పెరంబూరువాడు

మామ్మ గారూ, తాతగారు 1905లో పుట్టారు, ఆయనే పెద్ద. తర్పణాల నోటుబుక్కు ఉంది, పంచాంగాల కట్టలో దొరికింది. గోత్రం, మూడు తరాల మగవాళ్ళ పేర్లు, ఆడవాళ్ళ పేర్లు వరసగా రాసుకున్నారు. మా తాతగారి అమ్మ పేరు నాకు తెలుసు. దాని కింద ఇంకో ఆడపేరు ఉంది, పక్కన 'సా.మా.' అని రెండక్షరాలు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ లేదు, ఎవరూ వినలేదు.

మైలాపూర్ మామ్మ

సాపత్నీ మాత. మీ తాతగారికి సవతి తల్లి. మీ ముత్తాత గారి మొదటి భార్య. ఇంట్లో వాళ్ళు మర్చిపోయినా ఏటా నువ్వులు, నీళ్ళు ఇచ్చేచోట మర్చిపోవడం కుదరదు.

ఎగ్మూర్ ఎలుక

నమస్కారం మామ్మ గారూ. నేను గెజిట్లు తిరగేసి ఏడాది పట్టేది మీరు రెండు ప్రశ్నల్లో తేల్చేశారు.

కోర్టుపక్షి

అయితే కాగితాలు వెతకడానికి దారి దొరికింది. మొదటి భార్యకి పిల్లలుంటే ఆస్తి పంపకం ఎలా జరిగిందో చూడాలి. నెల్లూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. ఒకటో నంబరు పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు, మూడో నంబరు పుస్తకంలో వీలునామాలు ఉంటాయి. వీలునామా రాసినవాళ్ళు బతికుండగా వేరేవాళ్ళకి కాపీ ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను. ప్లీడరు వీలునామా రిజిస్టరు చేయించకుండా పోయాడంటే నేను నమ్మను. పంపకాల దావా ఏదైనా నడిచి ఉంటే ఇంకా అదృష్టం. అలాంటి తీర్పుల్లో వంశవృక్షం గీసి మరీ పెడతారు, ఇంట్లో వాళ్ళు దాచిపెట్టిన పేర్లన్నీ అందులో బయటపడతాయి.

జయనగర్ నాలుగో బ్లాకు

నమస్తే అండీ. బెంగళూరు నుంచి. మా అమ్మాయి ఈ చర్చ పంపించి 'అమ్మా, ఇది మన పటం కదా' అంది. ఫొటో చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ నోటుబుక్కులో రెండో ఆడపేరు ఏ అక్షరంతో మొదలవుతుందో నేను చెప్తాను: 'సు'. నా పేరూ అదే, మా నాయనమ్మ వాళ్ళ అమ్మ పేరు పెట్టారు నాకు. ఆవిడ భర్త నెల్లూరు ప్లీడరు. ఒక్క కూతురు పుట్టాక ఆవిడ పోయారు, ఆ కూతురే మా నాయనమ్మ. సవతి తల్లి వచ్చాక నాయనమ్మ మేనమామల దగ్గర ఒంగోలులో పెరిగింది. పెళ్ళికి తప్ప పుట్టింటి గడప తొక్కలేదనేది.

మా దగ్గర ఫొటో ఉంది. దళసరి అట్టకి అంటించింది, కింద మౌంట్ రోడ్డు, మద్రాసు అని బంగారు అక్షరాలు. అదే కుర్చీ, అదే మీసం, చేతిలో అదే కాగితం. గౌను లేదు, మామూలు పొడుగు కోటు. పతకం లేదు. బల్ల లేదు. బల్ల ఉన్నచోట మా ముత్తవ్వ నిలబడి ఉంది, అంచు చీర, ఒడ్డాణం, పాదాలకి కడియాలు. ఆయన ఎడమ చెయ్యి ఆవిడ చేతి మీద ఉంది.

ఇంకోటి కూడా. ఫొటో మీద ఆయన ముఖం చుట్టూ మాత్రమే పెన్సిల్ గడులున్నాయి. చిన్నప్పుడు నేనే గీసి పాడుచేశానని మా నాన్న చేత తన్నులు తిన్నాను.

రంగులడబ్బా

అమ్మా, మీకు ఎవరైనా క్షమాపణ చెప్పాలి! ఆ గడులు చెరపకండి, చెరిపించకండి. అట్ట నుంచి ఫొటో ఊడదీయకండి. స్కాన్ చేస్తే గట్టి అట్టని వంచి నొక్కకుండా, కనీసం ఆరొందల డీపీఐతో వెనక వైపు కూడా చేయించండి.

ఫొటో మీ నాయనమ్మ దగ్గర ఉండగా చిత్రకారుడి చేతికి వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చిందంటే, రాకపోకలు పూర్తిగా తెగలేదన్నమాట.

జయనగర్ నాలుగో బ్లాకు

అవునండీ, అది నాకూ ఇప్పుడే తట్టింది. వాళ్ళు అడిగితే ఇచ్చి ఉంటుంది. ఇచ్చినప్పుడు అమ్మని తీసేస్తారని తెలుసో లేదో.

పెరంబూరువాడు

నాకేం రాయాలో తోచడం లేదు. 'సు' అక్షరం నిజమే. నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా పెద్దమ్మకి చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత 'ఒంగోలు నుంచి ఏటా పచ్చడి జాడీలు వచ్చేవి, ఎవరు పంపేవాళ్ళో మా అత్తగారు చెప్పేది కాదు' అంది.

మీరు నాకు ఏమవుతారు?

మైలాపూర్ మామ్మ

అది నేను చెప్తా. ఆవిడ నాయనమ్మ మీ తాతగారికి అక్క. కాబట్టి ఆవిడ నాన్న మీ నాన్నకి మేనత్త కొడుకు, బావ. నీకు మామయ్య వరస. ఆయన కూతురు నీకన్నా పెద్దదైతే వదిన, చిన్నదైతే మరదలు.

జయనగర్ నాలుగో బ్లాకు

డెబ్బై రెండు నాకు. వదిననే.

కోర్టుపక్షి

వరస కలిసింది, సంతోషం. ఇప్పుడు న్యూజెర్సీ సంగతి. పటం వయసు నూరేళ్ళు దాటిందంటే 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కొరియర్లో వేసినా, సూట్‌కేసులో పెట్టినా కస్టమ్స్‌లో పట్టుకుంటే పటం పోతుంది, కేసూ మిగులుతుంది. పెయింటింగులు రిజిస్టరు చేయించాల్సిన జాబితాలో ఉన్నాయి, కాబట్టి మీరు ఫొటోలతో దరఖాస్తు పెట్టుకోవాలి. నూరేళ్ళు కాలేదని మీ తమ్ముడు వాదిస్తే, ఆ మాట చెప్పాల్సింది పురావస్తు శాఖే, పురావస్తువు కాదని సర్టిఫికెట్ ఇస్తేనే బయటికి వెళ్తుంది. అందుకే పతకం ఏ ఏడు వచ్చిందో తేల్చడం మీకు ఇప్పుడు సరదా కాదు, అవసరం.

పెరంబూరువాడు

తమ్ముడికి ఫోన్లో చెప్పాను. మొదట గొణిగాడు, తర్వాత వదిన గారి ఫొటో చూసి ఆ ఫొటోనే పెద్దది చేయించి పంపమన్నాడు. పటం ఎక్కడ ఉండాలన్నది ఇంకా తేలలేదు. కొత్త ఫ్లాటు హాలు గోడకి పట్టదు. వదిన గారు బెంగళూరు తెచ్చుకుంటానని అనలేదు, అడిగితే 'బల్లని చూస్తూ కూర్చోలేను' అన్నారు.

సౌకార్‌పేట సేటు

బల్ల చెరిపించి ఆవిడ బొమ్మ వేయించేస్తే?

రంగులడబ్బా

సేటు గారూ, దయచేసి. మా బంధువులావిడ పటం ఒకటి 'బాగు చేయిస్తామని' ఒక కొట్టుకి ఇస్తే గులాబీ బుగ్గలతో సినిమా హీరోయిన్ అయి తిరిగొచ్చింది. పటం వేసినవాళ్ళు ఏం చేశారో అది అలాగే ఉండనివ్వండి. పక్కన ఫొటో పెట్టండి, చాలు.

ఎగ్మూర్ ఎలుక

గెజిట్ల సంగతి నాది. ఎగ్మూరు స్టేషను దగ్గరే తమిళనాడు ఆర్కైవ్స్, బుధవారం వస్తారా? ఎందుకు చూడాలనుకుంటున్నారో ఉత్తరం, ఆధార్ కాపీ తెచ్చుకోండి. బిరుదుల జాబితాలు కొత్త సంవత్సరానికి, రాజుగారి పుట్టినరోజుకి వచ్చేవి. అయిదో జార్జి పుట్టినరోజు జూన్ 3. కాబట్టి ప్రతి ఏడూ జనవరి, జూన్ సంచికలు ముందు చూద్దాం. 1911కి మాత్రం డిసెంబరు కూడా, ఢిల్లీ దర్బారు బిరుదులు అప్పుడే ప్రకటించారు. అసైలమ్ ప్రెస్ వాళ్ళ పాత డైరెక్టరీల్లో నెల్లూరు వకీళ్ళ పేర్లు నేను చూసి ఉంచుతాను. వదిన గారు రాగలిగితే ఇంకా మంచిది, శతాబ్ది ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే బయల్దేరుతుంది.

జయనగర్ నాలుగో బ్లాకు

వస్తాను. ఒరిజినల్ ఫొటో కూడా తెస్తున్నాను. పెరంబూరు మరిదీ, పెద్దమ్మ గారికి కారం తగ్గించాలా, మామూలుగా తినగలరా? గోంగూర జాడీ ఒకటి పట్టుకొస్తాను.

పెరంబూరువాడు

కారం తగ్గించొద్దంటోంది వదినా. స్టేషనుకి నేనొస్తాను.